నాలుగో మేకు

నరసరావుపేటలో ఆ సెలూనతను నా జుట్టుకు రంగు వెయ్యనన్నాడు. అసలు వెయ్యనని కాదు, ఈ రోజు వెయ్యనని. నా కుడి చెవిని చిటికెన వేలితో ముందుకు మడిచి, వెనకాల దూదిపుల్లతో చుక్కంత రంగు పెట్టి, సీసా మూత ఒకసారి వాసన చూసి బిగించాడు. "రేపు ఇదే టైంకి రండి. దురదా మంటా లేకపోతే అప్పుడేస్తా," అన్నాడు.

ముందు నాకు అనుమానమే వచ్చింది. రంగు అయిపోయి ఉంటుంది, తెప్పించుకోవడానికి ఒక రోజు గడువు కావాలి, అందుకీ నాటకం అనుకున్నాను. ఎవరేం చెప్పినా ఆ మాట వెనక ఇంకో మాట వెతకడం నాకు అలవాటు. రిపేరుకిచ్చిన ఫ్లెక్సీ మిషను హెడ్డు తీసుకోవడానికి ఎలాగూ మర్నాడు మళ్ళీ రావాలి కాబట్టి గొడవ పడలేదు. కుర్చీలోంచి లేవబోతుండగా తట్టింది. చెవిని అలా చిటికెన వేలితో మడవడం, మూత అలా వాసన చూడడం నేను ఇంతకుముందు చూశాను.

ఎవరు నేర్పారని అడిగాను. ట్రైనింగ్ సెంటర్లో ఒక మేడం అని చెప్పాడు. చిన్న అక్షరాలు చదివేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటుందా అన్నాను. అతను అద్దంలోంచి నా వంక చూశాడు.

"మీకు తెలుసా అండీ? మొన్న ఎండాకాలంలో పోయింది. గుండెనొప్పి."

"మా ఊళ్ళో షాపు ఉండేది," అన్నాను. అంతవరకే చెప్పాను.

మా ఊరు పిడుగురాళ్ళ. బస్టాండు దగ్గర నాది చిన్న షాపు. ఫ్లెక్సీలు, పెళ్ళికార్డులు, లామినేషను, ఫొటోఫ్రేములు. నా షాపు పైన గదిలో ఆవిడ పార్లరు పెట్టింది. పేరు నాకు తెలుసు, ఆవిడ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టినవాణ్ణి. ఇక్కడ రాయను. ఆ పేరు నా నోట రావాల్సిన రోజున రాలేదు, ఇప్పుడు కాగితం మీద పెట్టి గౌరవం చేస్తున్నట్టు నటించడం నాకే బాగుండదు. ఊళ్ళో అందరూ పార్లరావిడ అనేవాళ్ళు. రోజూ పొద్దున నడికుడి నుంచి రైల్లోనో, రైలు తప్పితే ఆటోలోనో వచ్చేది. యాభై దాటి ఉంటాయి. నల్లగా, పొడుగ్గా, తలకి కొబ్బరినూనె తప్ప ఏమీ పెట్టేది కాదు. పార్లరు పెట్టుకున్న మనిషి తాను అంత మామూలుగా ఉండడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

అనుమానం అంటే ఆవిడ ముందర నేనెంత. మా ఊళ్ళో సున్నపు బట్టీల దుమ్ము అన్నిటి మీదా పేరుకుంటుంది. ఆవిడ ప్రతి సీసాకీ గుడ్డ కట్టేది. కొత్త సీసా తెరిచిన రోజు మార్కరుతో దాని మీద తేదీ వేసేది. కంపెనీ ఏజెంటు క్రీములు తెస్తే, ఎడమ కన్ను మూసి, డబ్బా వెనకాల చీమల్లాంటి అక్షరాలు చివరిదాకా చదివేది. ఏజెంటు నవ్వుతూ, "నమ్మకం లేదా మేడం" అంటే, "నమ్మకం నీ మీద ఉందయ్యా, డబ్బా మీద లేదు" అనేది. జుట్టుకు రంగు వేయించుకోవడానికి ఎవరొచ్చినా ముందు చెవి వెనక చుక్క. ఎమ్మెల్యేగారి బంధువులమని చెప్పినా చుక్కే. మర్నాడు రమ్మనేది. సగం మంది మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. "రానోళ్ళు రాకపోతే పోయారు, వచ్చినోళ్ళ మొహం నాకు కావాలి," అనేది.

నా షాపుకి మొదటిసారి వచ్చింది కాగితాలకు ఫ్రేములు కట్టించుకోవడానికి. మూడు కాగితాలు. పెట్టి వెళ్ళండక్కా, సాయంత్రం తీసుకోండి అన్నాను. ఒరిజినళ్ళు వదిలి ఎక్కడికీ పోనని స్టూలు లాక్కుని కూర్చుంది. ఫ్రేములు పూర్తయ్యేదాకా లేవలేదు. మధ్యలో టీ తెప్పిస్తే, తెచ్చినవాడు గ్లాసు ఎక్కడ కడిగాడో అడిగి, తాగకుండా పక్కన పెట్టింది. సైజు చూసుకోవడానికని నేను ఒక కాగితం స్కాను చేశాను. పని అయ్యాక నా వెనక వచ్చి నిలబడింది.

"ఆ బొమ్మ తీసెయ్ తమ్ముడూ."

తీసేశాను.

"చెత్తబుట్టలోంచి కూడా."

కంప్యూటర్లో చెత్తబుట్ట ఉంటుందని ఆవిడకు తెలుస్తుందని నేననుకోలేదు. అక్కడి నుంచి కూడా తీసేశాను. మనసులో తిట్టుకున్నాను. కానీ ఆవిడ అనుమానం నిజమే. ఎవరు ఏ సర్టిఫికెట్టు తెచ్చినా ముద్ర, అంచు డిజైను నేను ఒక కాపీ దాచుకునేవాణ్ణి. కంప్యూటరు కోర్సులకి, కుట్టుపని కోర్సులకి, యోగా కోర్సులకి సర్టిఫికెట్లు కొట్టించుకునే వాళ్ళు నా దగ్గరకి వచ్చేవాళ్ళు. ఆ కోర్సు ఉందో లేదో నేనడిగేవాణ్ణి కాదు. బంగారు అంచు, గుండ్రటి ముద్ర, కింద రెండు సంతకాలు. మావాళ్ళకి కాగితంలో ఏముందో చదివే ఓపిక ఉండదు. ముద్ర ఎంత పెద్దదో చూస్తారు.

ఆవిడకి మాత్రం ఏ కాగితం దేనికో చెప్పకపోతే నిద్రపట్టదు. మూడు ఫ్రేములూ గోడకి ఎత్తున కాకుండా, కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళకి ఎదురుగా కొట్టించింది. మేకులు కొట్టింది నేనే. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ వేలు పెట్టి చూపించేది. మొదటిది మున్సిపాలిటీ వాళ్ళ ట్రేడ్ లైసెన్సు. అది షాపు తెరుచుకోవడానికి, ఏటా రెన్యువల్ చేయించాలి. రెండోది లేబరాఫీసు రిజిస్ట్రేషను. అది పనిగంటలకి, పెట్టుకున్న పనివాళ్ళకి. మూడోది ఐటీఐలో ఏడాదిపాటు కాస్మెటాలజీ చదివిన సర్టిఫికెట్టు. "ఈ రెండూ గదికి. ఇదొక్కటే నా చేతికి," అనేది. బ్యూటీషియనుకి మన దగ్గర విడిగా లైసెన్సంటూ లేదని, ఉందని ఎవరన్నా చెబితే నమ్మొద్దని కూడా చెప్పేది. హెయిర్ కలర్ కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం ఒకటుండేది, దాన్ని ఫ్రేము కట్టించలేదు. మూడు రోజులు హోటల్లో కూర్చోబెట్టి టీలు పోసినందుకు ఇచ్చారని ట్రంకుపెట్టె అడుగున వేసింది.

మూడు ఫ్రేములు కొట్టాక, పక్కన ఇంకో మేకు కొట్టమంది. దేనికక్కా అంటే, "ఉండనీ, పనుంది" అంది.

ఆ మేకు పనేంటో తర్వాత తెలిసింది. పుట్టుమచ్చ తీయమని, మొహానికి ఇంజెక్షను చెయ్యమని, లేజరు ఉందా అని ఎవరన్నా వచ్చినప్పుడు ఆ ఖాళీ మేకు చూపించేది. "దానికి ఏమన్నా వేలాడతందా? లేదు కదా. అది చర్మం డాక్టరు కాయితం పెట్టే చోటు. నాకు లేదు. ఆ పని నా దగ్గర అడగొద్దు."

మేకుని చూపించి బేరం పోగొట్టుకునే మనిషిని నేనక్కడే చూశాను. ఏదో దాస్తోంది అనుకున్నాను.

పైగా ఆ మూడో కాగితం. నా వృత్తి నా కళ్ళని ఎలా చేసిందంటే, ప్రభుత్వం వాళ్ళిచ్చిన ఆ సర్టిఫికెట్టు నాకు నకిలీదిగా కనిపించింది. పల్చటి కాగితం. ముద్ర సంతకం మీదికి జారిపోయింది. పేరు గీత మీద కూర్చోలేదు. నేను కొట్టేవి దానికంటే ఎంతో బాగుంటాయి. అప్పట్లో మా ఆవిడతో అన్నాను, పైనావిడ సర్టిఫికెట్టు నాకెందుకో తేడాగా ఉందని. టీ కొట్టు దగ్గర ఇంకోసారి అన్నాను. కొట్టువాడు నవ్వి, "నీకు తెలియకపోతే ఇంకెవురికి తెలుస్తది" అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకు బాగుంది. మూడోసారి కూడా అన్నాను.

బొల్లాపల్లిలో ఉండే మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది గురజాల వైపు, పొలాలూ రాజకీయాలూ ఉన్న కుటుంబం. పెళ్ళి మా ఊళ్ళోనే, కల్యాణమండపంలో. పిల్ల బుగ్గల మీద మొటిమల మచ్చలున్నాయి. పెళ్ళి ఫొటోల్లో అవి కనపడకూడదని అక్క పట్టుదల. పిల్లని తీసుకుని పార్లరావిడ దగ్గరకి వెళ్ళాం. మచ్చలు పోయేలా పొర తీసే ట్రీట్‌మెంటు ఉందట కదా, అది చెయ్యమంది అక్క. ఆవిడ పిల్ల గడ్డం పట్టుకుని, వెలుతురుకి తిప్పి, కన్ను మూసి చూసింది. తర్వాత మేకు వైపు చూపించింది.

అక్కకి కోపం వచ్చింది. "ఏందమ్మా, గోడకి లైసెన్సు పెట్టుకుని చెయ్యనంటావు?"

"ఆ లైసెన్సు షాపు తెరవడానికక్కా. పిల్ల మొహం ఒలవడానికి కాదు."

మెట్లు దిగుతూ అక్క నన్నడిగింది, "ఏందిరా, చేతకాకనా?" అని. చేతకాకే అన్నాను. సర్టిఫికెట్టు సంగతి అక్కకి కూడా చెప్పాను.

మాచర్ల రోడ్డులో కొత్తగా ఒక స్కిన్ స్టూడియో వచ్చింది. ఏసీ గది, తెల్లకోటు వేసుకున్న ఒకాయన, గోడ నిండా ఫ్రేములు. ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నమ్మరు. ఆ ఫ్రేముల్లో సగానికి పైగా నేను కొట్టి ఇచ్చినవే. అంచు నాది, ముద్ర నాది, కింద ఉన్న రెండు సంతకాల్లో ఒకటి నేనే గీశాను. అయినా ఆ సోఫాలో కూర్చుని తలెత్తి చూస్తే నాకు ధైర్యం కలిగింది. ఇన్ని కాగితాలున్నాయి, మనిషికి పని వచ్చే ఉంటుంది అనిపించింది. ముద్ర చూసి నమ్మే మా ఊరి జబ్బు, ఆ ముద్ర తయారుచేసిన నన్ను కూడా వదల్లేదు. పిల్లని లోపలికి పంపించాను.

మర్నాటికి కుడి బుగ్గ కమిలింది. ఆ మరుసటి రోజుకి పొర లేచి ఎర్రగా, తడిగా తేలింది. పెళ్ళికి ఇంకా వారం కూడా లేదు. స్టూడియోకి పరిగెత్తితే తాళం వేసి ఉంది. అప్పుడు మళ్ళీ పార్లరావిడ మెట్లే ఎక్కాం.

ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఏం రాశారని అడిగింది. తెలియదన్నాం. సీసా చూశారా అంది. ఎవరమూ చూడలేదు. పిల్ల బుగ్గ ముట్టుకోలేదు. చల్లటి నీళ్ళతో తడపమని, ఇంకేమీ రాయొద్దని చెప్పి, నరసరావుపేటలో చర్మం డాక్టరుకి తనే ఫోను చేసి, ఆ సాయంత్రమే చూసేలా ఒప్పించింది. మచ్చ నెలల్లో తగ్గుతుందని, దాని మీద మేకప్పు మాత్రం పడకూడదని డాక్టరు రాసిచ్చాడు. పెళ్ళికూతుర్ని తయారుచెయ్యడానికి నువ్వే రావాలని అక్క ఆవిడ చేతులు పట్టుకుంది.

పెళ్ళిరోజు ఆవిడ మొహానికి మేకప్పు వెయ్యలేదు. జడ వేసి, పూలు అల్లి, కాటుక దిద్ది, బాగున్న ఎడమ బుగ్గ మీద చుక్క పెట్టింది. ముహూర్తానికి కాస్త ముందు అబ్బాయి పెదనాన్న పెళ్ళికూతురి గది గుమ్మం దగ్గరకి వచ్చాడు. మచ్చ చూశాడు. ఇది జబ్బా, ముందెందుకు చెప్పలేదని అడిగాడు. ఆయన గొంతు పెద్దది. చుట్టూ జనం చేరారు. పెళ్ళి ఆగిపోతుందని భయపడి మా బావ డాక్టరు చీటీ చూపించి, జబ్బు కాదు, పార్లర్లో ఏదో వికటించిందని చెప్పాడు.

పార్లరు అనగానే అందరూ అక్కడున్న ఒకే ఒక్క పార్లరు మనిషి వైపు తిరిగారు. ఆవిడ పూలదారం పళ్ళతో కొరుకుతూ ఉంది.

"నీకు సర్టిఫికెట్టు కూడా సరైంది లేదంటగదమ్మా. ఊళ్ళో అనుకుంటన్నారు," అన్నాడు పెదనాన్న.

అది నా మాట. టీ కొట్టు నుంచి గురజాల దాకా పోయి, అక్కడి నుంచి పెళ్ళివారితో పాటు కారెక్కి వచ్చింది.

ఆవిడ దారం తీసి పక్కన పెట్టింది. నా వైపు చెయ్యి చూపించింది. "దానికి ఫ్రేము కట్టింది ఈ తమ్ముడే. అసలుదో కాదో ఆయన్నే అడగండి. పిల్లని ఎక్కడికి తీసకపోయారో కూడా ఆయనే చెబుతాడు."

అందరూ నా వంక చూశారు. చెబితే స్టూడియో పేరు వస్తుంది. స్టూడియో పేరు వస్తే గోడ మీద ఫ్రేములు వస్తాయి. ఫ్రేములొస్తే నేనొస్తాను. అదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకు. ముహూర్తం దాటిపోతంది," అన్నాను.

ఆవిడ ఎడమ కన్ను మూసి నన్ను చూసింది. డబ్బా వెనకాల అక్షరాలు చదివినట్టు, చివరిదాకా. తర్వాత తిరిగి పిల్ల జడలో మిగిలిన పూలు గుచ్చింది. జబ్బు కాదని తేలింది కాబట్టి పెదనాన్న చల్లబడ్డాడు. పార్లరు వాళ్ళని నమ్మితే ఇంతే అని ఎవరో అన్నారు, అవునవునని అందరూ అన్నారు. పెళ్ళి నిలిచింది. ఆవిడ పెట్టె సర్దుకుని భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మేనమామని కాబట్టి పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపం మీదికి మోసుకెళ్ళే వరస నాది. ఒక పక్క నేను, ఇంకో పక్క మా తమ్ముడు. పిల్ల కమిలిన బుగ్గ నా మొహం పక్కనే ఉంది. సన్నాయి మోగుతోంది, ఎవరికీ వినపడదు. నా చెవి దగ్గరకి వంగి అంది.

"మామయ్యా, ఒక్క మాట చెబితే నీదేం పోయేది?"

నేను అడుగులు చూసుకుంటూ నడిచాను. బరువు మోస్తున్నవాడు మాట్లాడక్కర్లేదు కదా అని ఆ గంప చాటున దాక్కున్నాను.

తర్వాత పార్లరుకి జనం తగ్గారు. ఎవరో పిటిషను పెడితే మున్సిపాలిటీ వాళ్ళొచ్చి చూసి, అన్నీ సరిగానే ఉన్నాయని వెళ్ళారు. ఉన్నాయన్న మాట ఎవరికీ చేరలేదు. వాళ్ళొచ్చారన్న మాట మాత్రం ఊరంతా చేరింది. కొన్నాళ్ళకి ఆవిడ మూడు ఫ్రేములూ సంచిలో పెట్టుకుని నా షాపుకి వచ్చింది.

"కాయితాలు తీసివ్వు. ఫ్రేములు నువ్వే ఉంచుకో," అంది. అదే స్టూలు లాక్కుని కూర్చుంది.

వెనక అట్ట విప్పుతూ, "అక్కా, ఆ రోజు పెళ్ళిలో" అని మొదలుపెట్టాను.

"పని చూసుకో తమ్ముడూ. సీల దిగుద్ది."

అట్టకి కొట్టిన సీల నా బొటనవేలి కిందే ఉంది. మాట ఆపేశాను. కాగితాలు ఇచ్చాను. ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి, నేను మార్చలేదని చూసుకుని, సంచిలో పెట్టుకుంది. ఆ అనుమానానికి నాకు కోపం రాలేదు, మొదటిసారి. పార్లరు గది ఖాళీ అయ్యాక పైకి వెళ్ళి చూశాను. మూడు మేకులూ పీకేసి, కన్నాలకి సున్నం పూసి వెళ్ళింది. నాలుగోది అలాగే ఉంది.

ఆ తర్వాత నేను సర్టిఫికెట్లు కొట్టడం మానేశానని రాయాలని ఉంది. మానలేదు. ఇప్పుడు ఫోన్లలో ఎవరికి వాళ్ళే తయారుచేసుకుంటున్నారు కాబట్టి నా దగ్గరకి రావడం తగ్గింది, అంతే.

నరసరావుపేట సెలూనుకి మర్నాడు చెప్పిన టైంకి వెళ్ళాను. రాత్రంతా చెవి వెనక మండింది. అతను మెడ చుట్టూ గుడ్డ కట్టి, చెవి మడిచి చూసి, నాలుక చప్పరించాడు. "పొక్కింది. మీ ఒంటికి ఈ రంగు పడదండీ, నేనెయ్యను. ఇంకో చోట వేస్తామంటారు, వేయించుకోవద్దు," అన్నాడు. ఇదే రంగు నిన్ననే తలకంతా పూసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకుంటూ అద్దంలోకి చూశాను. అద్దం పక్కన గోడకి ఒక ఫ్రేము. దాని పక్కన ఖాళీ మేకు.

మేడం కొట్టమందా అన్నాను. ట్రైనింగైన వాళ్ళందరి చేతా కొట్టించేదని నవ్వాడు.

మేడం పిడుగురాళ్ళ షాపు గురించి ఏమన్నా చెప్పేదా అని, ఏదో మాటవరసకన్నట్టు అడిగాను. నా పేరు చెప్పి తిట్టి ఉంటుందని నా అనుమానం. తిట్టి ఉండాలని కూడా కోరుకున్నాను.

"ఎందుకు మూశారని ఒకసారి అడిగామండీ. రైలు టైములు కుదర్లేదని చెప్పింది."

ఎవరినీ దేన్నీ నమ్మని మనిషి, నా కోసం ఒక అబద్ధం చెప్పి పెట్టింది. నా కోసమేనా, నన్ను తలచుకోవడం ఇష్టం లేకనా? ఇక తేలదు.

అప్పుడు ఆవిడ పేరు పైకి చెప్పాను. ఇంటిపేరుతో సహా, కాగితం మీద ఉన్నట్టు. "ఆవిడ సర్టిఫికెట్టు అసలుదే. ఫ్రేము కట్టింది నేనే," అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. "ఎవరన్నారండీ కాదని?"

"నేనే అన్నాను."

అతను దువ్వెన పక్కన పెట్టి, నా మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పాడు. తెల్లజుట్టుతోనే బయటికి వచ్చాను.